గెట్టు దాటు మందు: పిచికారీ తుంపరను మన చేనిలోనే నిలుపు విధము

సేద్యగాండ్రకు గెట్టు తగాదాలు క్రొత్తవి కావు. నాగటిచాలు ఒకటి అవతలికి పోయినదనియు, గెట్టురాయి జానెడు జరిగినదనియు అన్నదమ్ములే మాటలు మానుకొనిన సంగతులు ప్రతి గ్రామమునందును వినుచుందుము. పొరుగువాని గెట్టురాయిని కదల్చుట పాపమని అన్ని మతముల పెద్దలును బోధించియున్నారు. అయితే రాయిని ముట్టకయే, ఎవరి కంటికిని కానరాకయే గెట్టు దాటిపోవు పదార్థ మొకటి ఇప్పుడు మన చేతులలో నున్నది. అది మనము పైరులపై పిచికారీ చేయు మందు.

మందు తుంపర గెట్టు దాటినచో రెండు నష్టములు కలుగును. డబ్బిచ్చి కొన్న మందు మన పైరుపై పడకపోవుట మొదటిది. అది పొరుగువాని పైరుపైనను, పశువుల మేతపైనను, చెఱువు నీటిపైనను, పిచికారీ చేయువాని యూపిరిలోను పడుట రెండవది. మొదటి నష్టము మనదే గనుక ఓర్చుకొందుము. రెండవదానిని ఇతరులు ఓర్చుకొనవలెనని కోరుటకు మనకు హక్కు లేదు.

ఈ తుంపరను మన గెట్టులోపలనే నిలుపుటకు గొప్ప యంత్రముగాని, అధిక వ్యయముగాని అక్కఱలేదు. చినుకు పరిమాణము, నాజిల్ ఎత్తు, గాలి, చేని అంచు అను నాలుగింటిపై దృష్టియు, పొరుగువానితో ముందుగా ఒక మాటయు చాలును. సభ్యు లందఱును ఈ అయిదింటిని ఎట్లు పాటింపవచ్చునో క్రింద వివరించుచున్నాను.

మన చేల అమరిక

కాటారము ప్రాంతమున చెఱువుల క్రిందను బావుల క్రిందను పొలములు, వాని నానుకొని మెరకనేలలో పత్తి చేలు, అక్కడక్కడ మిరప తోటలు, వాని వెనుక అడవి: ఇదియే సాధారణమైన అమరిక. గెట్టున కీవల వరి, ఆవల పత్తి. వరి గడ్డిజాతి పైరు. పత్తి వెడల్పాకు పైరు. ఒకదానికి హాని చేయని కలుపుమందు రెండవదానిని పాడుచేయును. చిక్కంతయు ఇచటనే యున్నది.

వరిలో వెడల్పాకు కలుపును, తుంగను చంపుటకై చల్లు 2,4-డి అను మందును మనవారందఱు ఎఱుగుదురు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున దీనిని కనుగొనిరి. 1940ల దశకము చివరినుండి ఇది లోకమంతట వ్యాపించినది. మొక్క తన పెరుగుదలకై తానే తయారు చేసికొను రసమునకు ఇది నకలు వంటిది. వెడల్పాకు మొక్కలో ప్రవేశించి, దాని పెరుగుదలను క్రమము తప్పించి, మెలికలు తిప్పి చంపును. గడ్డిజాతి మొక్క దీనిని తట్టుకొనును. పత్తి మాత్రము దీనికి మిక్కిలి సుకుమారము. పొలములో చల్లు మోతాదునందు నూఱవ వంతు మీద పడినను పత్తి ఆకు రూపు మాఱిపోవును. మిరప, టమాట, కంది, చిక్కుడు జాతులకును ఈ భయము కలదు.

కాలము కూడ ప్రతికూలముగనే కూడివచ్చుచున్నది. మృగశిర కార్తెలో విత్తిన పత్తి శ్రావణ మాసమునకు గూడ కట్టుచుండును. అప్పుడే నాట్లు పూర్తియైన పొలములలో కలుపుమందు చల్లు అదను వచ్చును. వానాకాలమున మన ప్రాంతమున పడమటి గాలి ప్రబలముగ వీచును. కనుక పొలము పడమటను, పత్తి చేను తూర్పునను ఉన్నచోట ప్రతి సంవత్సరమును ఈ ముప్పు పొంచియుండును.

తెగులా, మందు దెబ్బయా?

గుఱుతులు తెలియక పలువురు రైతులు మందు దెబ్బను వైరసు తెగులని భ్రమించి, దానిపై మఱికొన్ని మందులు చల్లి ఉన్న డబ్బును పోగొట్టుకొనుచున్నారు. కనుక గుఱుతులను ముందుగా తెలిసికొనుట మేలు.

2,4-డి తగిలిన పత్తిలో లేత ఆకులు వెడల్పు తగ్గి, బెండ ఆకువలె లోతుగా చీలి, వ్రేళ్లవలె సాగును. ఈనెలు దగ్గఱ దగ్గఱగా చేరి నిలువు గీతలవలె కనబడును. కాడలు మెలిదిరుగును. దెబ్బ గట్టిదైనచో గూడ రాలును. అప్పటికే ముదిరిన ఆకులు పెద్దగా మాఱవు. పిమ్మట పుట్టిన ఆకులే రూపు చెడును. గ్లైఫోసేటు తగిలినచో కొన్ని దినముల తరువాత లేత చిగురు పసుపు వన్నెకు తిరిగి ఎదుగుదల నిలిచిపోవును. పారాక్వాట్ తగిలినచో మఱునాటికే చినుకు పడినచోటనెల్ల ఆకు మాడి మచ్చలు పడును. ఆ మచ్చలు తరువాత వ్యాపింపవు.

వైరసు తెగులు చేనిలో అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్కగా మొదలై దినదినమునకు ప్రాకును. మందు దెబ్బ అట్లు కాదు. గెట్టు ప్రక్కన అధికముగ నుండి, లోపలికి పోయినకొలది తగ్గును. చేనంతటను ఒకే సమయమున బయటపడును. అంతియేగాక గెట్టుమీదనున్న తోటకూర, ఉమ్మెత్త, వయ్యారిభామ వంటి వెడల్పాకు మొక్కలన్నిటిపైనను అదే వంకర కనబడును. పత్తి తెగులు ఉమ్మెత్తకును వయ్యారిభామకును ఒకేనాడు రాదు గదా! ఈ మూడు గుఱుతులును కలిసియున్నచో అది గాలిలో వచ్చిన మందని నిశ్చయింపవచ్చును.

ఈ దెబ్బకు విఱుగుడు మందు లేదు. ఉన్నదని చెప్పి ఎవరైన సీసా అమ్మజూపినచో కొనవలదు. దెబ్బ స్వల్పమైనచో పత్తి క్రొత్త చిగురు వేసి కొంతవఱకు కోలుకొనును. కనుక తొందరపడి చేనును దున్నివేయక, తేమ తగ్గకుండ చూచుకొని, రెండు మూడు వారములు వేచి చూచి, క్రొత్త ఆకులను పరీక్షించి నిర్ణయము చేసికొనవలెను.

చినుకు ఎంత చిన్నదో అంత దూరము పోవును

మందునీరు నాజిల్ నుండి వెలువడునప్పుడు చినుకులన్నియు ఒకే పరిమాణమున నుండవు. పెద్దవి, చిన్నవి కలిసియుండును. వీనిని మైక్రానులలో కొలుతురు. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రాను. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు.

మీటరు ఎత్తునుండి పడు చినుకును తీసికొందము. గాలి గంటకు 7 కిలోమీటర్ల చొప్పున, అనగా ముఖమునకు తెలియునంతగా, వీచుచున్నదనుకొందము. 400 మైక్రానుల చినుకు సెకనులోపలనే నేల చేరును. ఒకటి ఒకటిన్నర మీటరుకంటె ఎక్కువ దూరము పోదు. 100 మైక్రానుల చినుకునకు సుమారు 4 సెకనులు పట్టును. అంతలో 7, 8 మీటర్లు కొట్టుకొనిపోవును. 20 మైక్రానుల చినుకు నిమిషమునకు పైగా గాలిలోనే తేలుచుండి, 150 మీటర్లు దాటినను నేల చేరకపోవచ్చును. ఎండ తీవ్రముగ నున్నచో నీరు ఆవిరియై చినుకులు దారిలోనే ఇంకను చిన్నవగును. మిట్ట మధ్యాహ్నమున పిచికారీ తగదనుటకు ఇదియొక కారణము.

మఱియొక లెక్క. 400 మైక్రానుల చినుకు నొకదానిని పగులగొట్టినచో 100 మైక్రానుల చినుకులు 64 ఏర్పడును. పొగమంచు వలె సన్నగా కొట్టినప్పుడు మందు బాగుగ పట్టుచున్నట్లు కంటికి తోచును. నిజమునకు ఆ పొగలో చాల భాగము మన పైరునకు చెందక గాలిపాలగుచున్నది. పురుగుమందును ఆకుల అడుగువఱకు చేర్చుటకు కొంత సన్నని చినుకు అవసరమే. కలుపుమందునకు మాత్రము ముతక చినుకే కావలెను. కంటికి పొగవలె కనబడు కలుపుమందు పొరుగువాని చేనికి పోవుచున్న మందని తలంపుడు.

నాజిల్, ఒత్తిడి, ఎత్తు

కలుపుమందునకు ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ గాని, ఫ్లడ్ జెట్ నాజిల్ గాని వాడవలెను. ఇవి విసనకఱ్ఱవలె పఱచుకొను ముతక తుంపరను ఇచ్చును. పురుగుమందులకు వాడు గుండ్రని కోన్ నాజిల్ సన్నని తుంపరనిచ్చును గనుక కలుపుమందునకు పనికిరాదు. ఈ చిన్న ముక్కను మార్చుకొనుటకు కొద్దిపాటి ఖర్చు మాత్రమే యగును. గెట్టు తగాదాలో ఒక వాయిదాకు పోవు బస్సు చార్జీయైనను ఇంతకంటె అధికమగును.

రెండవది ఒత్తిడి. పని త్వరగా ముగియవలెనని పంపును బిగించి కొట్టుట మనవారి అలవాటు. ఒక నాజిల్ నుండి రెట్టింపు నీరు రావలెనన్న ఒత్తిడిని నాలుగు రెట్లు పెంచవలసియుండును. పెరిగిన ఒత్తిడి నీటిని పెంచుటకంటె చినుకును నలుగగొట్టుటకే ఎక్కువ ఉపయోగపడును. నీరు ఎక్కువ కావలెనన్న పెద్ద రంధ్రముగల నాజిల్ బిగింపుడు. ఒత్తిడిని పెంపవలదు. బలమైన గాలితోను, అధికమైన ఒత్తిడితోను కొట్టు పెట్రోలు పంపులు గెట్టు ప్రక్కన కలుపుమందు చల్లుటకు ఎంతమాత్రమును తగవు. చేతిపంపుగాని, బ్యాటరీ పంపుగాని నెమ్మదిగ వాడుట క్షేమము.

మూడవది ఎత్తు. నాజిల్ పైరుపై మూరెడు ఎత్తున నుండవలెను. భుజముపైకెత్తి ఊపుచు కొట్టినచో చినుకు నేలకు చేరుటకు పట్టు కాలము పెరిగి, గాలికి అంత అవకాశము కలుగును. పత్తి సాళ్ల నడుమ కలుపుమందు చల్లునప్పుడు నాజిల్ చుట్టును గొడుగువంటి మూతను బిగించుకొని, దానిని నేలకు చేరువగ పట్టి నడువవలెను.

గాలిని చదువుట

పిచికారీకి ముందు పిడికెడు మెత్తని దుమ్మును ఎగురవేసి గాలి ఎటు పోవుచున్నదో చూడవలెను. గాలి సున్నితమైన పైరు వైపునకు వీచుచున్నంతసేపును కలుపుమందు పంపును దింపియే యుంచవలెను. గాలి మనవైపునకు తిరిగిన దినమున గెట్టు ప్రక్కను, తక్కిన దినములలో చేని నడుమను చల్లుకొనవచ్చును.

గాలి వేగమునకు యంత్రము అక్కఱలేదు. ముఖమునకు గాలి తెలిసి, ఆకులు మెల్లగ గలగలలాడుచున్నచో పిచికారీకి హద్దు అదియే. ఆకులతోపాటు చిన్న కొమ్మలు కూడ విడువక కదలుచున్నచో పంపును దింపవలెను.

అయితే గాలి బొత్తిగా లేనప్పుడు క్షేమమని అనుకొనుట పొరపాటు. శీతకాలపు వేకువజామున మానేరు, గోదావరి తీరములందును, చెఱువుల క్రిందను మంచు నేలనంటి నిలిచియుండుట చూచుచుందుము. అప్పుడు నేలనానుకొనిన గాలి చల్లగను, పైగాలి వెచ్చగను ఉండి, చల్లని గాలిపై మూత వేసినట్లుండును. సన్నని తుంపర పైకిపోయి చెదరిపోవుటకు వీలులేక, నేలనంటియే పల్లమువైపు ప్రాకి, చాల దూరమున నున్న చేనిపై ఒక్కచోట దిగును. దీనిని కనుగొనుట సులభము. కొంచెము చెత్త ముట్టించి పొగ పెట్టుడు. పొగ పైకి లేచి చెదరిపోయినచో మంచిది. కొంత లేచి దుప్పటి పఱచినట్లు అడ్డముగ సాగినచో పంపు తీయవలదు. బారెడు పొద్దెక్కి, నేల వేడెక్కి, మంచు విడిచిన తరువాత, ఎండ ముదరకముందు పని ముగించుకొనవలెను.

2,4-డి విషయమున మఱియొక సంగతి కలదు. ఇది అంగడిలో పలు రూపములలో దొరకును. ఈస్టరు రూపము చల్లిన తరువాత కూడ ఎండకు ఆవిరియై గాలిలో కలిసి ప్రక్క చేలకు పోగలదు. సోడియం లవణము, అమైన్ లవణము అను రూపములు అంతగా ఆవిరి కావు. ప్రక్కన పత్తిగాని మిరపగాని యున్నచో డబ్బాపై ఏ రూపమో చదివించుకొని, ఈస్టరును మానవలెను.

అంచున కుంచె

పట్టణములలో తలుపులకును, కొయ్య కంచెలకును రంగును పంపుతో కొట్టు పనివాండ్రను మీరు చూచియుందురు. వారు ప్రక్క గోడపై తుంపర పడకుండ గోనెపట్టానుగాని, అట్టముక్కనుగాని అడ్డుపెట్టుదురు. అంచు దగ్గఱకు వచ్చునప్పటికి పంపును క్రిందపెట్టి కుంచె చేతబట్టుదురు. నడుమ పంపు, అంచున కుంచె: ఇది వారి నియమము. ప్రక్కవాని గోడకు పడిన రంగు మచ్చ కడిగినచో పోవచ్చును. పత్తిపై పడిన మందు కడిగిన పోదు. కనుక ఆ నియమము వారికంటె మనకే ఎక్కువ అవసరము.

వరి పొలములో గెట్టువెంట నాలుగైదు మీటర్ల పట్టీని కలుపుమందు చల్లక విడిచిపెట్టుడు. ఆ పట్టీలో చేతితోగాని, కోనోవీడరుతోగాని కలుపు తీయించుడు. ఎకరములో ఆ పట్టీ కొద్ది గుంటలే యగును. కూలి కొంత పడును, కాని తగాదా తప్పును.

అసలు పిచికారీయే లేని పద్ధతి కూడ కలదు. నాట్లు వేసిన మూడు నాలుగు దినములలో ప్రెటిలాక్లోర్, బ్యూటాక్లోర్ వంటి మందులను పొడి ఇసుకలో కలిపి, పలుచగ నీరు నిలిపిన పొలములో చేతితో చల్లవచ్చును. ఇసుక గాలికెగిరి ఆవలి చేనికి పోదు. మోతాదు డబ్బాపై చెప్పినంతయే వాడవలెను. ఆరంభముననే కలుపు అణగినచో పిమ్మట 2,4-డి అవసరము చాలవఱకు తగ్గును.

పత్తి గల రైతు కూడ తన వంతు పని చేయవలెను. పత్తి చేని చుట్టును నాలుగు సాళ్లు జొన్ననుగాని, మొక్కజొన్ననుగాని దట్టముగ విత్తినచో ఆ తెఱ గాలిలోని చినుకులను చాలవఱకు పట్టుకొనును. ఇవి గడ్డిజాతి పైరులు గనుక 2,4-డిని తట్టుకొనును. కంది ఈ పనికి పనికిరాదు. అదియే ముందుగా దెబ్బతినును. గోడవలె గాలిని పూర్తిగా ఆపునదానికంటె, గాలిని వడగట్టి విడుచు పచ్చని తెఱయే మేలు. ఏలయన గోడను తాకిన గాలి పైకి లేచి దాని వెనుక సుడి తిరిగి దిగును.

నీలిమందు పరీక్ష

ఈ మాటలను విని నమ్మనక్కఱలేదు, కన్నులార చూడవచ్చును. ప్రదర్శనములలో మాటకంటె ఈ పరీక్షయే ఎక్కువ పనిచేయుటను గమనించుచున్నాను. శుభ్రముగ కడిగిన పంపులో మందు వేయక మంచినీరు పోసి, బట్టలకు వాడు నీలిమందును బాగుగ కలుపుడు. గాలి పోవు దిక్కున ఒక అడుగు, మూడడుగులు, అయిదడుగులు, పదియడుగులు, ఇరువదియడుగుల దూరమున పుల్లలు నాటి, వానికి తెల్లని కాగితములు గ్రుచ్చుడు. మీరు రోజు కొట్టునట్లే కొట్టుడు. కాగితములను తీసి వానిపై నీలిచుక్కలను లెక్కింపుడు.

తరువాత నాజిల్ మార్చి, ఒత్తిడి తగ్గించి, నాజిల్ మూరెడు ఎత్తునకు దింపి, క్రొత్త కాగితములతో మరల చేయుడు. రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఎవరి తప్పని అడుగనక్కఱలేక, ఏమి చేయవలెనో తెలియును. పొరుగువానిని కూడ పిలిచి చూపించుట మఱింత మంచిది.

పంపులో మిగిలిన విషము

పలుమారులు మందు గాలిలో రాదు. మన పంపులోనే వచ్చును. నిన్న పొలములో 2,4-డి కొట్టిన పంపును ఒకసారి నీటితో తొలిచి, నేడు పత్తిలో పురుగుమందు కొట్టినచో, అడుగున మిగిలిన కొద్దిపాటి మందే చేనంతటిని ముడుచును. పొరుగువానిపై నెపము వేయుటకు ముందు మన పంపును మనము పరీక్షించుకొనవలెను. గెట్టు ప్రక్కననే కాక చేనంతటను దెబ్బ సమానముగ నున్నచో దోషము చాలవఱకు పంపుదే.

కలుపుమందునకు వేఱు పంపు నుంచుకొనుట ఉత్తమము. అది వీలుకానిచో ట్యాంకును, గొట్టమును, జల్లెడను, నాజిల్ ను వేర్వేఱుగ సబ్బుపొడి నీటితో మూడుమారులు కడిగి, ప్రతిమారును ఆ నీటిని నాజిల్ గుండ పోనీయవలెను. కడిగిన నీటిని చెఱువులో, కాలువలో, బావి ప్రక్కన పోయరాదు. మందు చల్లిన పొలములోనే పంచివేయవలెను.

తుంపర దారిలో నున్న ప్రాణులు

గెట్టు ఆవల పైరు మాత్రమే కాదు, మనుష్యులుందురు. ప్రక్క చేనిలో కలుపు తీయుచున్న కూలి స్త్రీలు, గట్టుపై గడ్డి కోయువారు, పశువుల కాపరులు మందు వాసన తగులగనే పని విడిచి పోలేరు. వారు వెడలిన తరువాతనే పంపు తీయవలెను.

పిచికారీ చేయువాడే అందఱికంటె ఎక్కువ మందును పీల్చును. మనకు పొరుగుననున్న మహారాష్ట్రములోని యవత్మాల్ జిల్లాలో 2017వ సంవత్సరమున పత్తిలో పురుగుమందులు కొట్టుచు ఇరువదిమందికి పైగా రైతులును, కూలీలును మరణించిరి. ఆ యేడు పత్తి మనిషియెత్తు పెరిగినందున, మందును పైకెత్తి కొట్టవలసివచ్చి, తుంపర వారి ముఖములపైనే దిగినదని చెప్పబడినది. వారి పైరు మన పైరే. వారి పంపులు మన పంపులే. గాలికి ఎదురుగ నడువక, గాలి ప్రక్కనుండి వీచునట్లు సాళ్లను ఎన్నుకొని, తడిసిన చోటునుండి తడియని చోటునకు వెనుకకు జరుగుచు కొట్టవలెను. నిండు చేతుల చొక్కా, ముఖమునకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పవు. డబ్బాపైనున్న త్రికోణమును చూడుడు. ఎఱుపు మిక్కిలి విషము, తరువాత పసుపు, పిమ్మట నీలము, ఆకుపచ్చ అన్నిటికంటె తక్కువ. 1968వ సంవత్సరపు కీటకనాశనుల చట్టమును, 1971వ సంవత్సరపు నిబంధనలును అనుసరించి ఈ గుఱుతులు వేయబడుచున్నవి. చదువురాని వారికిని రంగు తెలియును.

మన మహదేవపురము ప్రాంతపు అడవులలో నల్లమద్ది చెట్లపై దసలి పట్టుపురుగులను పెంచి బ్రదుకువారు కలరు. పత్తి పురుగును చంపు మందు పట్టుపురుగును విడువదు. అడవి అంచున చేను గలవారు చెట్లవైపు గాలి వీచునప్పుడు పురుగుమందు కొట్టరాదు. చెఱువులోని చేపలకును, పూతపై వ్రాలు తేనెటీగలకును ఇదే మాట.

ఎత్తు పెరిగినకొలది ముప్పు ఎట్లు పెరుగునో కేరళములోని కాసరగోడు జిల్లా చూపినది. అక్కడ జీడిమామిడి తోటలపై 1970ల దశకమునుండి 2000వ సంవత్సరమువఱకు హెలికాప్టరులతో ఎండోసల్ఫాను చల్లిరి. కొండ చరియలలోని ఇండ్లపై, బావులపై ఆ తుంపర పడినది. జనులు దీర్ఘకాలము పోరాడిన పిమ్మట 2011వ సంవత్సరము మే 13వ తేదీన సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతట నిలిపివేసెను. ఇప్పుడు మన గ్రామములకు డ్రోనులు వచ్చుచున్నవి. వీనిచే మందు చల్లుటకు కేంద్రప్రభుత్వము 2021వ సంవత్సరమున నియమావళిని ప్రకటించినది. డ్రోను రైతు శరీరమునకు మందు తగులుట తగ్గించును; ఇది గొప్ప మేలు. కాని కొద్ది నీటితో, సన్నని చినుకుతో, పైనుండి చల్లును గనుక గాలి విషయమున చేతిపంపుకంటె ఎక్కువ జాగ్రత్త కావలెను. పత్తి ప్రక్కనున్న పొలములో డ్రోనుతో 2,4-డి చల్లింపవలదు.

పొరుగువానితో మాట

తుంపర తగాదా ఎంతదూరము పోగలదో అమెరికా దేశములోని సంగతి తెలుపును. అక్కడ డైకాంబా అను కలుపుమందు గాలిలో పోయి 2017వ సంవత్సరమున ఒక్క సోయాబీనులోనే సుమారు 36 లక్షల ఎకరములు దెబ్బతిన్నవని విశ్వవిద్యాలయపు పండితులు లెక్కవేసిరి. అంతకు ముందటి సంవత్సరము, 2016 అక్టోబరులో, ఆర్కన్సా రాష్ట్రమున ఈ మందు గుఱించి జరిగిన తగాదాలో ఒక రైతు తుపాకి గుండుకు బలియయ్యెను. పెద్ద యంత్రములు, పెద్ద కమతములు, చదువు, ధనము ఉన్నచోటనే యిట్లు జరిగినది. మన చేలు చిన్నవి, గెట్లు ఎక్కువ. గెట్టు గెట్టునకును ఒక పొరుగువాడున్నాడు.

కావున కలుపుమందు చల్లుటకు ముందునాటి సాయంకాలమే ప్రక్క చేని రైతునకు చెప్పవలెను. ఏ మందు, ఏ దినము, ఏ వేళ అను మూడు మాటలు చాలును. అతడు తన పశువులను తోలుకొనును, కూలీలను వేఱొకచోటికి పంపుకొనును. గాలి తిరిగినచో ఆపవయ్యా అని అక్కడనుండియే కేకవేయును. దెబ్బ తగిలినను, ముందు చెప్పినవానితో మాట్లాడుట తేలిక. చెప్పక కొట్టినవానితో మాట్లాడుట కష్టము.

మన సంఘము చేయదగిన పనులు కూడ కలవు. ఫ్లాట్ ఫ్యాన్ నాజిళ్లను, గొడుగు మూతలను సంఘపు దుకాణములో నిలువయుంచి సభ్యులకు కొన్న ధరకే యీయవచ్చును. కలుపుమందునకు మాత్రమే వాడుటకు ఎఱ్ఱరంగు పూసిన పంపులు కొన్నిటిని కొని అద్దెకీయవచ్చును. నాట్ల కాలమున సంఘపు గోడపై ఒక నల్లబల్ల పెట్టి, ఏ సభ్యుడు ఏ దినమున కలుపుమందు చల్లునో వ్రాయింపవచ్చును. ఒక ఆయకట్టు క్రింది రైతులందఱు కలిసి ఒకే వారములో ఇసుకలో కలుపు మందును చల్లుకొని, పిచికారీనే మానుకొనవచ్చును. ఇవి ఒక్కొక్కరు చేయుటకు భారము. పదిమంది చేయుటకు సులభము. సహకారమునకు అర్థమిదియే గదా! రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతిని చర్చకు పెట్టవలసినదని సభ్యులను కోరుచున్నాను.

అప్పులిచ్చుట, ఎరువులమ్ముట, వడ్లు కొనుట సంఘపు పనులని అందఱును ఎఱుగుదురు. ఒక సభ్యుని పొలమునకు చేసిన మేలు మఱియొక సభ్యుని చేనికి కీడు కాకుండ చూచుట కూడ దాని పనియే. పంపు భుజమున వేసికొనునప్పుడెల్ల గెట్టు ఆవల ఏ పైరున్నదో, ఎవరున్నారో యొకసారి చూడుడు. నీలిమందు పరీక్షను తమ చేనిలో చూడగోరు సభ్యులు సంఘ కార్యాలయమున పేరు వ్రాయించుకొనినచో, అనుకూలమైన దినమున వచ్చి చేసి చూపెదను.